ఒంగోలు సీమలో సాక్షిధర్మము

సాక్షి యను శబ్దమును పాణిని తన 5వ యధ్యాయమున సాధించినాఁడు. సాక్షాత్తను నవ్యయముమీఁద, ద్రష్ట యను నర్థమున, ఇని ప్రత్యయము చేరఁగా నీ రూప మేర్పడును. కావున విని చెప్పువాఁడు సాక్షి కాఁడు; కన్నవాఁడే సాక్షి. క్రైస్తవుల నూతననిబంధనము గ్రీకుభాషలోనిది. అందు సాక్షికి వాడఁబడిన మార్తుస్ అను శబ్దము కాలక్రమమున, మతమునకై ప్రాణము లర్పించినవాఁ డను నర్థమును గూడఁ బొందెను. కన్నది చెప్పుట, చెప్పినదానికై కష్టమునకు లోనగుట యను నీ రెండును ఒంగోలు సీమచరిత్రమునఁ గలిసి కానవచ్చుచున్నవి.

అమెరికన్ బాప్టిస్టుల తెలుఁగు మిషను 1836లో నారంభమై 1840లో నెల్లూరున నెలకొనెను. చిరకాలము ఫల మత్యల్ప మగుటచే, దాని నెత్తివేయుటనుగూర్చి స్వదేశమునఁ బలుమాఱు చర్చ జరిగెను. ఆ స్థితి మాఱుటకుఁ గారణమైనవారిలో ముఖ్యుఁడు తాళ్లకొండపాటి ఎఱ్ఱగుంట్ల పేరయ్య. ఇతఁడు మాదిగ కులజుఁడు, తోళ్ల వర్తకుఁడు, అంతకుమున్నే రాజయోగ మభ్యసించిన జిజ్ఞాసువు. వర్తకమునకై యుత్తరమునకుఁ బోయినపుడు క్రైస్తవబోధ వినెను. 1866లో నతఁడును, భార్య నాగమ్మయు జ్యూయెట్టుచే బాప్తిస్మము పొందిరి.

1867 జనవరి 1వ తేదీన ఒంగోలు సంఘ మెనమండుగురితో నేర్పడెను. ఆ నెలలోనే జాన్ క్లౌ దొర తాళ్లకొండపాటికిఁ బోఁగా 28 మంది బాప్తిస్మము పొందిరి. వారి కా మాట క్రొత్తది గాదు. పేరయ్య చెప్పఁగా విని, అతని నడవడిని గనియుండిరి. పిమ్మట నీ మతము చుట్టఱికముల వెంటను, తోళ్ల బేరముల వెంటను పల్లెపల్లెకుఁ బ్రాఁకెను. 1899లో ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ యీ జనులనుగూర్చి వ్రాసిన యాంగ్లగ్రంథమునకు, చెప్పులు కుట్టుచు నను నర్థము గల పేరు పెట్టుట సార్థకము.

అయితే యీ సాక్ష్యము వట్టి మాటలతోఁ దీఱలేదు. గ్రామమునకుఁ జెప్పులును, మోటతోళ్లును గుట్టి యిచ్చి, జాతరలలో డప్పు వాయించి, పంటకాలమున గింజలు పొందుట మాదిగల వృత్తి. క్రైస్తవులైనవారు జాతరలలో డప్పు వాయింపమనిరి. చచ్చిన గొడ్డు మాంసము మానిరి. ఆదివారము పనికి రామనిరి. గ్రామపెద్దలు పెక్కుచోట్ల వారికి నీళ్లును, పనియు నరికట్టిరి.

1876–78 కఱవులో క్లౌ బకింగుహాము కాలువ త్రవ్వకమున మూఁడున్నర మైళ్ల పని గుత్తకుఁ దీసికొనెను. అతని బోధకులే మేస్త్రీలై, విరామవేళలఁ గూలివారితోఁ గూర్చుండి తమ మతముఁ జెప్పిరి. అన్నమునకై మతమున జేరి రను మాట రాకుండుటకై, కఱవుసాయము ముగియువఱకు క్లౌ బాప్తిస్మముల నాపెను. పిదప 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెలంపల్లికడ 2,222 మంది యొక్కదినమున బాప్తిస్మము పొందిరి.

దీనిని గంజికేంద్రముల ఫలమనువారు గలరు. కఱవునకుఁ బదియేండ్ల ముందే తాళ్లకొండపాట నారంభమైన పనిని వారు గణింపరైరి. కేవల మాత్మచింతయే కారణ మనుటయు సత్యము గాదు. ఆఁకలియు, అవమానమునుండి విడివడఁగోరుటయు నందుఁ గలవు. కాని తినుటకు గింజలు పోవునని యెఱిఁగియు డప్పు క్రిందఁ బెట్టినవానిని లోభి యనుట చెల్లదు. చరిత్రలలో దొరల పేళ్లు నిలిచినవి. ఆ డప్పులు దించినవారి పేళ్లు పెక్కులు నిలువలేదు. శబ్దార్థమునుబట్టి చూచినచో సాక్షులు ముందు వారే.