రిటైరైన మిలటరీ విమానం.. ఫైర్ ట్యాంకర్‌గా ఎలా మారుతుంది? రెక్కలే ఎందుకు కీలకం?

కార్చిచ్చు వీడియోల్లో కొండల మీదుగా కిందికి దిగి ఎర్రటి ద్రవం కుమ్మరించే విమానాలను చూసే ఉంటారు. వాటిలో కొన్ని ఒకప్పుడు సైనికులను, సరుకులను మోసినవే. ముఖ్యంగా అమెరికా తయారీ సీ-130 హెర్క్యులస్. దీనికి ట్యాంకు బిగించడం ఒక ఎత్తయితే, పాత రెక్కలు ఆ పనిని తట్టుకునేలా చేయడం మరో ఎత్తు.

ఏమేం మారుస్తారు?

సరుకులు పెట్టే చోట పెద్ద ట్యాంకు అమరుస్తారు. విమానం అడుగున తలుపులు పెడతారు. కాలిఫోర్నియా అగ్నిమాపక శాఖ ‘కాల్ ఫైర్’ సీ-130హెచ్‌లో 4,000 గ్యాలన్లు, అంటే దాదాపు 15,000 లీటర్లు పడుతుంది.

అందులో ఉండేది ఉత్త నీళ్లు కాదు. ఎరువుల్లో వాడే అమ్మోనియం ఫాస్ఫేట్ కలిపిన రిటార్డెంట్. ఎక్కడ పడిందో పైనుంచి తెలియడానికి ఎర్ర రంగు కలుపుతారు. దీన్ని ఎక్కువగా మంట మీద కాదు, మంట వెళ్లే దారిలో గీతలా చల్లుతారు. మంట నెమ్మదిస్తే కింద ఉన్న సిబ్బందికి టైమ్ దొరుకుతుంది.

విమానాన్ని కోయకుండా వాడే పద్ధతి కూడా ఉంది. దాని పేరు ‘మాఫ్స్’. 3,000 గ్యాలన్ల ట్యాంకును సర్వీసులో ఉన్న సైనిక విమానంలోకి ఎక్కించి, పని అయ్యాక దించేస్తారు. ఇందుకు వాడే విమానాల్లో సీ-130జే ఒకటి. దాని తోక భాగాలు హైదరాబాద్ శివారు ఆదిభట్లలో తయారవుతాయి.

రెక్కలతోనే చిక్కు

ట్యాంకర్ నేలకు అతి దగ్గరగా, వేడిగాలుల కుదుపుల్లో ఎగరాలి. దాదాపు 16 టన్నుల బరువు కొన్ని సెకన్లలోనే ఖాళీ అయిపోవచ్చు. ఇలా పదేపదే జరిగితే రెక్కల లోహంలో సన్నని పగుళ్లు వస్తాయి.

2002 జూన్ 17న కాలిఫోర్నియాలోని వాకర్ దగ్గర జరిగింది ఇదే. 1957లో తయారైన సీ-130ఏ రెక్కలు గాల్లోనే విరిగిపోయాయి. ముగ్గురు సిబ్బంది చనిపోయారు. నెల తర్వాత కొలరాడోలో మరో పాత సైనిక విమానం రెక్క ఊడి ఇద్దరు మృతి చెందారు. రెండింటిలోనూ లోహపు అలసటతో వచ్చిన పగుళ్లే కారణమని దర్యాప్తులో తేలింది. 2004లో అమెరికా ప్రభుత్వం 33 పెద్ద ట్యాంకర్ల కాంట్రాక్టులు రద్దు చేసింది.

పదేళ్లకు పైగా ఆలస్యం

ఏడు కోస్ట్ గార్డ్ విమానాలను ట్యాంకర్లుగా మార్చాలని 2013లో చట్టం చేశారు. ముందు ఫారెస్ట్ సర్వీస్‌కు ఇవ్వాలనుకున్నా, 2018లో వాటిని కాలిఫోర్నియాకు కేటాయించారు. రెండు రెక్కలనూ కలిపే మధ్య భాగం, అంటే సెంటర్ వింగ్ బాక్స్‌ను మార్చాల్సి వచ్చింది. మొదటి విమానం పనిలోకి దిగింది 2024లో.

రెక్కలు గట్టిపడినా ముప్పు పూర్తిగా పోదు. 2020 జనవరి 23న ఆస్ట్రేలియాలో ఒక సీ-130 ట్యాంకర్ కూలి ముగ్గురు అమెరికన్లు చనిపోయారు. అక్కడ విరిగింది రెక్క కాదు. తక్కువ ఎత్తులో ఉండగా గాలి ఒక్కసారిగా మారడంతో విమానం స్టాల్ అయి ఉంటుందని దర్యాప్తు అధికారులు తేల్చారు.