ఎనిమిది గంటలు, అరవై గంటలు

జంషెడ్‌పూర్‌లో జుగ్సలాయి పక్కనున్న టాటా ఉక్కు కర్మాగారం 1912లోనే 8 గంటల పనిదినం పెట్టింది. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తొలి ఒడంబడిక అదే సూత్రాన్ని లోకానికి చాటి, భారతదేశానికి మాత్రం వారానికి 60 గంటలని సడలించింది. 1921లో మన దేశం దాన్ని ఆమోదించినా, ఆ ఆమోదంతోనే ఏ కూలీ పనివేళా తగ్గలేదు. 1922 ఫ్యాక్టరీల సవరణ చట్టం వచ్చాకే తగ్గింది. ఒప్పందం సాధారణంగా చట్టసభ గడప దాటితేనే మన దగ్గర అమలవుతుంది. ఒప్పందాల అమలుకు చట్టం చేసే అధికారాన్ని నేటి రాజ్యాంగం 253వ అధికరణం పార్లమెంటుకిచ్చింది.

యజమాని మంచితనం ముందే చేసిందిగా, ఒడంబడిక దేనికని అడగొచ్చు. ఆ మంచితనం కంపెనీ గేటు దాకానే. జుగ్సలాయి బజారు గుమాస్తాకు అదీ లేదు, 1922 చట్టమూ లేదు, చట్టం ఫ్యాక్టరీలకే. తీర్పులు చాలవా? పనిచోట లైంగిక వేధింపులపై సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన విశాఖ తీర్పు మరో అంతర్జాతీయ ఒడంబడికను ఆసరా చేసుకుంది, కానీ దానిపై చట్టం 2013 దాకా రాలేదు. చట్టం దారీ నెమ్మదే: ఫ్యాక్టరీల వారపు పనివేళ 48 గంటలకు దిగింది 1946లో.