యురేనియం తీసేశాక మిగిలేది మట్టేనా?

బిర్సానగర్‌లో మేముండే చోటి నుంచి జాదుగూడ పాతిక ముప్ఫై కిలోమీటర్లు. అక్కడి యురేనియం గని గురించి ఇక్కడ రెండు రకాల మాటలు వినిపిస్తుంటాయి. ఒకటి, బిడ్డ అవకరంతో పుడితే అది డాయన్ చేసిన పని అని. (డాయన్ అంటే మనవైపు చేతబడి చేస్తుందనే మనిషి. ఆ నెపంతో ఆడవాళ్ళను చంపుతుంటే 1999లో బీహార్ చట్టం చేసింది, 2001లో జార్ఖండ్ దాన్నే తీసుకుంది.) రెండోది చదువుకున్నవాళ్ళ మాట: "యురేనియం తీసి హైదరాబాద్ పంపేస్తారు కదండీ, ఇక్కడ మిగిలేది ఒట్టి మట్టే!"

మొదటిదాన్ని మన హేతువాద మిత్రులు వెంటనే ఖండిస్తారు. రెండోది సైన్సులా వినిపిస్తుంది కాబట్టి వదిలేస్తారు. నన్నడిగితే అదీ మూఢనమ్మకమే. నేను చదివింది బి.కాం., ఉద్యోగం చేసింది రక్షణ ఖాతాల్లో. జమాఖర్చులు సరిచూడటం వచ్చినవాడికి ఈ విషయం అర్థం కావడం పెద్ద కష్టం కాదు.

జాదుగూడలో ఖనిజం బయటపడింది 1951లో. యురేనియం కార్పొరేషన్ 1967లో ఏర్పడింది, మరుసటేడు మిల్లు మొదలైంది. ఆ రాయిలో యురేనియం ఆక్సైడు 0.065 శాతం దాకా ఉంటుంది, అంటే టన్నుకు 650 గ్రాములు. ఒక్క గ్రాము కూడా పోకుండా తీసినా, కిలోకి ఒకటిన్నర టన్నుల రాయి తవ్వాలి. ఆ రాయిని పిండి చేసి, పైరోలుసైటు కలిపి, గంధకామ్లంలో కలియబెడితే యురేనియం ఆమ్లంలోకి దిగుతుంది. వడగట్టిన ద్రావణాన్ని అయాన్ ఎక్స్ఛేంజ్ రెజిన్ మీదుగా పంపి యురేనియాన్ని పట్టుకుంటారు. చాలా ఏళ్ళపాటు దాన్ని మెగ్నీషియాతో పచ్చటి ముద్దగా దించేవారు. అదే ఎల్లో కేక్. హైదరాబాదులో 1971లో పెట్టిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ దాన్ని నత్రికామ్లంలో కరిగించి, కిరోసిన్ లాంటి నూనెలో కలిపిన ట్రైబ్యూటైల్ ఫాస్ఫేటుతో మరోసారి శుద్ధి చేస్తుంది.

ఇదంతా జమ పక్క. మరి ఖర్చు పక్క ఏముంది? ఇక్కడ మేరీ క్యూరీని తలుచుకోవాలి. 1898లో ఆమె చేసింది నాకు అచ్చం ఆడిట్ లాగే కనిపిస్తుంది. పిచ్‌బ్లెండ్ ఖనిజంలో ఉన్న యురేనియానికి ఇంత రేడియేషన్ రావాలి, కొలిస్తే కొన్ని రెట్లు ఎక్కువ వచ్చింది. లెక్క కుదరలేదు. మనలో చాలామంది పరికరం చెడిందని సరిపెట్టుకునేవాళ్ళం. ఆవిడ మాత్రం ఇందులో ఇంకేదో ఉందని పట్టుబట్టింది. దాన్ని వెతకడానికి ఖనిజం కొనే స్తోమత లేదు. బొహీమియాలోని యోఆకిమ్‌స్టాల్‌లో గాజు రంగుల కోసం యురేనియం తీసేసి, పనికిరాదని గుట్టగా పోసిన చెత్తను తెప్పించుకుంది. టన్నుల కొద్దీ ఆ చెత్తను ఉడికించి, వడగట్టి 1902కల్లా గ్రాములో పదోవంతు రేడియం క్లోరైడు తీసింది.

గమనించారా? యురేనియం తీసేసిన "ఒట్టి మట్టి"లోనే రేడియం దొరికింది! జాదుగూడలోనూ జరిగేది ఇదే. రేడియం సల్ఫేటు దాదాపు కరగదు. కడుపు ఎక్స్-రేకి ముందు తాగించే బేరియం సల్ఫేటుకి అది దగ్గరి చుట్టం. అందుకే యురేనియం ఆమ్లంలోకి పోతుంటే రేడియం చాలావరకు పిండిలోనే ఉండిపోతుంది. మొత్తంమీద ఖనిజంలోని రేడియోధార్మికతలో సుమారు 85 శాతం వ్యర్థంతోనే వెళ్తుంది. ముతక భాగం తిరిగి గనిలో నింపుతారు. మెత్తటి భాగాన్ని సున్నంతో ఆమ్లం విరిచి, గొట్టాల్లో చెరువులకు పంపుతారు. 2006 డిసెంబరులో ఆ గొట్టం ఒకటి పగిలి వ్యర్థం వాగులో కలిసింది.

అయితే పిల్లల అవకరాలన్నీ దీనివల్లేనా? అలా అనేయడం కూడా హేతువాదం కాదు. 2007లో ఒక డాక్టర్ల సంఘం ఇంటింటికీ తిరిగి అడిగి, గనికి దగ్గర ఊళ్ళలో అవకరాలు ఎక్కువని చెప్పింది. కంపెనీ ఒప్పుకోలేదు. అంతకుముందే, 2004లో, అణుశక్తి శాఖ వారి అఫిడవిట్ చూసి సుప్రీంకోర్టు పిటిషన్ కొట్టేసింది. అడిగి తెలుసుకున్న సర్వే, ఏ మనిషికి ఎంత డోసు తగిలిందో చెప్పలేదు. అలాగే, ఖాతా ఎవరిదో వాళ్ళే సంతకం పెట్టిన అఫిడవిట్‌ని ఏ ఆడిటరూ చివరి మాటగా తీసుకోడు. బావుల్లో రేడియం ఎంత, ఇళ్ళలో రేడాన్ ఎంత అన్నది బయటివాళ్ళు ఏటేటా కొలిచి, ఆ ఊళ్ళవాళ్ళ భాషలో గోడమీద అంటించాలని నా వాదన. అది లేనిచోట డాయన్ కథే చెల్లుతుంది.

మన కడప జిల్లా తుమ్మలపల్లెలో 2012లో మొదలైన మిల్లులో పద్ధతి వేరు. అక్కడిది సున్నపు జాతి రాయి కాబట్టి ఆమ్లం పోస్తే రాయే దాన్ని తాగేస్తుంది. అందుకని సోడియం కార్బొనేటుతో, వేడిలో, ఒత్తిడిలో కరిగిస్తారు. రసాయనం మారినా రేడియం ఎక్కువగా వెళ్ళేది చెరువుకే. పక్క ఊళ్ళ రైతులు బోరు నీళ్ళు పాడయ్యాయంటారు, కంపెనీ కాదంటుంది. జాదుగూడ వాదనే తెలుగులో.

రేడియం సగానికి తగ్గాలంటే 1600 ఏళ్ళు. దాన్ని పుట్టిస్తూనే ఉండే థోరియం-230 కూడా అదే చెరువులో ఉంది, అది సగం కావడానికి సుమారు 75,000 ఏళ్ళు. జాదుగూడ మిల్లు మొదలై ఇంకా అరవై ఏళ్ళు నిండలేదు.