కరివేప: వేప కాని వేప

కరివేప వేప జాతి మొక్క కాదు. అయినా దాన్ని పెరట్లో పెంచుకునే ప్రాంతాల భాషల్లో, చాలావాటి పేర్లలో వేప ఉంది. ఈ పొదను కొట్టకుండా వదిలేస్తే చిన్న చెట్టవుతుంది. ఈనెకు అటూ ఇటూ చిన్న ఆకులు వరుస తీరిన దాని రెబ్బ, చూపుకు వేపరెబ్బకు దగ్గరి చుట్టంలా కనిపిస్తుంది. పేరు పెట్టినవాళ్లు ఆ పోలికనే పట్టుకున్నారు.

తెలుగులో కరి అంటే నలుపు. కరిమబ్బులో ఉన్నది ఆ మాటే. కాబట్టి కరివేప అంటే నల్లవేప. కన్నడంలో కరిబేవుకూ అదే అర్థం, సంస్కృతంలో కృష్ణనింబానికీ అదే. తమిళంలో కరువేప్పిలై అన్నప్పుడు నలుపే వినిపిస్తుంది. కఱివేప్పిలై అని రాస్తే, మలయాళంలో కఱివేప్పిల అన్నట్టే, కూరలో వేసే వేపాకు అనే అర్థం వస్తుంది. వంటింటి వాడకం పేరులోకి చొరబడిన తీరు ఇక్కడ స్పష్టం. ఉత్తరాదిలో చూపు రుచి మీద పడింది. చేదువేపకు ఎదురుగా దీన్ని హిందీలో మీఠా నీమ్, గుజరాతీలో మీఠో లీమ్‌డో అన్నారు, అంటే తియ్యవేప. కఢీలో వేస్తారు కనుక కఢీపత్తా అనే పేరూ ఉంది. సింహళంలో కరపించా. తెలుగువాళ్లకు మాత్రం ఆకే ముఖ్యం. అందుకే మొక్కను కూడా కరివేపాకు చెట్టనే అంటారు, వాడుకలో కరేపాకు. ఇంగ్లీషు కర్రీలీఫ్‌లోని కర్రీ తమిళ కఱి నుంచే వెళ్లింది.

శాస్త్రం ఆకును కాక పువ్వునూ కాయనూ చూసి, ఈ మొక్కను నిమ్మ, నారింజల కుటుంబమైన రూటేసీలో చేర్చింది. వేప ఉన్నది మీలియేసీలో. 1771లో వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దీనికి బెర్గెరా కోనిగీ అని పేరు పెట్టాడు. కోనిగీ అన్నది ఆయన శిష్యుడు యోహాన్ గెర్‌హార్డ్ కోనిగ్ పేరు. కోనిగ్ 1768లో డేనిష్ మిషన్ వైద్యుడిగా తరంగంబాడికి వచ్చాడు, తర్వాత ఆర్కాటు నవాబు దగ్గరా, ఈస్టిండియా కంపెనీలోనూ ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పనిచేశాడు. తెలుగు నేలతో ఆయన బంధం విషాదంతో ముగిసింది. 1785లో కాకినాడ దగ్గర జగన్నాథపురంలో జబ్బుపడి చనిపోయాడు. ఆయనకు వైద్యం చేసిన విలియం రాక్స్‌బర్గ్ అప్పుడు సామర్లకోటలో ఉండేవాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద రాక్స్‌బర్గ్ రాసిన పెద్ద గ్రంథంలో తెలుగు పేర్లు కూడా చోటు చేసుకున్నాయి. శాస్త్రనామం పక్కన ఊరివాళ్ల పేరును నిలిపిన ఆ పద్ధతి వల్ల తెలుగు వృక్షశాస్త్రానికి ఎంతో మేలు జరిగింది.

1825లో వృక్షశాస్త్రజ్ఞుడు స్ప్రెంగెల్ ఈ మొక్కను ముర్రాయా ప్రజాతిలోకి మార్చాడు. గోటింగెన్ ఆచార్యుడు యోహాన్ ఆండ్రియాస్ ముర్రే పేరు మీద ఏర్పడిన ప్రజాతి అది. తెల్లని పూలు గుత్తులుగా పూసే నాగగొలుగు దానికి చెందినదే. ముర్రాయా కోనిగీ అన్న పేరు ఆయుర్వేద, ఔషధ గ్రంథాల్లో స్థిరపడిపోయింది. అయితే జన్యు పరిశీలనలో కరివేప నాగగొలుగు నుంచి వేరని తేలడంతో పాత బెర్గెరా మళ్లీ అమల్లోకి వచ్చింది. ప్రజాతి పేరు రెండుసార్లు మారినా, కోనిగ్ పేరు మాత్రం చెక్కుచెదరలేదు.

వ్యవహారనామాల వల్ల ఒక చిక్కుంది. యూరప్ తోటల్లో కర్రీ ప్లాంట్ పేరుతో అమ్మే మొక్క హెలిక్రైసమ్ ఇటాలికమ్. అది పసుపుపూలు పూసే మధ్యధరా తీరపు సతతహరిత పొద, చామంతి కుటుంబానిది. నలిపితే మసాలా వాసన వస్తుందని ఆ పేరు పెట్టారు, కానీ తాలింపులో అది కరివేపాకుకు బదులు కాదు.