కెమెరాకూ కంప్యూటర్‌కూ నడుమ: అల్పసంఖ్యాక వ్యవస్థల అర్ధశతాబ్ది

డిజిటల్ ఛాయాచిత్రణ చరిత్ర రాసినవారు కటకాల గురించి రాశారు, సెన్సర్ల గురించి రాశారు, ఏటేటా పెరిగిపోయిన పిక్సెళ్ల గురించి రాశారు. తీసిన బొమ్మ కెమెరాలోంచి బయటపడి కంప్యూటర్‌లోకి ఎలా చేరిందన్నది మాత్రం చాలామందికి చరిత్రగా తోచలేదు. విండోస్, మెకింటాష్ వాడినవారికి అలా అనిపించడంలో వింతేమీ లేదు. కెమెరా కొన్న డబ్బాలోనే వారి కోసం ఒక సీడీ ఉండేది, ఆ సీడీతో పని అయిపోయేది. లినక్స్, ఓఎస్/2, అమిగా, బీఓఎస్ వంటి వ్యవస్థలను నమ్ముకున్నవారికి ఆ సీడీ ఎందుకూ కొరగానిది. వారి కోసం కెమెరా కంపెనీలు చేసింది దాదాపు శూన్యం. అయినా వారి బొమ్మలు వారి కంప్యూటర్లలోకి చేరాయి. కంపెనీలు దాచుకున్న మాటలను సొంత తెలివితో విప్పిన వ్యక్తులు కొందరు, ఎవరి అనుమతీ అడగనక్కరలేని ఉమ్మడి ప్రమాణాలు కొన్ని, ఈ రెండింటి బలం మీదే ఆ దారి పడింది. ఆ దారిని మొదటినుంచీ ఒకసారి వెనుదిరిగి చూడటం ఈ వ్యాసం పని.

1969లో బెల్ ల్యాబ్స్‌లో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ సీసీడీ అనే సెన్సర్ చిప్పును రూపొందించారు. ఆరేళ్ల తరువాత, 1975 డిసెంబరులో, రోచెస్టర్‌లోని కొడాక్ ప్రయోగశాలలో స్టీవెన్ సాసన్ అనే యువ ఇంజనీరు వంద గీతలు, గీతకు వంద చుక్కలు ఉన్న ఒక సీసీడీని తీసుకుని, పాత సినిమా కెమెరా కటకాన్ని, బ్యాటరీలను, క్యాసెట్ రికార్డరును కలిపి ఒక పెట్టెగా బిగించాడు. బొమ్మను పట్టడానికి క్షణంలో చిన్న భాగం చాలింది. దాన్ని క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టింది. ఆ టేపును తీసి మరో యంత్రంలో పెడితే తప్ప టీవీ తెర మీద బొమ్మ కనిపించలేదు. ఆ రెండో యంత్రాన్ని కూడా సాసన్ బృందమే తయారుచేసుకోవలసి వచ్చింది. పట్టడం సులువు, తరలించడం కష్టం అన్న లెక్క ఆనాడే తేలింది. ఆ తరువాతి పదిహేనేళ్లను త్వరగా దాటేయవచ్చు. 1981లో సోనీ చూపిన మావికా బొమ్మలను చిన్న అయస్కాంత డిస్కు మీద భద్రపరచిన మాట నిజమే, కానీ అవి టీవీ సంకేతాలే, అంకెలు కావు. కంప్యూటర్‌తో నేరుగా మాట్లాడిన కెమెరా 1990లో డైకామ్ మోడల్ 1 రూపంలో అంగడికి వచ్చింది. లాజిటెక్ దాన్నే ఫోటోమ్యాన్ పేరుతో అమ్మింది. అందులోని జ్ఞాపకం బ్యాటరీ మీద బతికేది. ఛార్జి అయిపోయేలోగా బొమ్మలను దించుకోకపోతే అవి పోయినట్టే.

అసలు కథ 1994లో మొదలవుతుంది. ఆ ఏడు ఆపిల్ క్విక్‌టేక్ 100ను విడుదల చేసింది. 640 గుణకం 480 చుక్కల బొమ్మలు ఎనిమిది మాత్రమే అందులో పట్టేవి. మరుసటి ఏడు కాసియో క్యూవీ-10 వచ్చింది. వెనక చిన్న తెర ఉన్న ఆ కెమెరాతోనే సామాన్యుడికి డిజిటల్ ఫోటో మీద మోజు మొదలైందని చెప్పవచ్చు. ఇవన్నీ సీరియల్ పోర్టు ద్వారా కంప్యూటర్‌తో కలిసేవి. సీరియల్ పోర్టు లేని యంత్రమంటూ ఆ రోజుల్లో దాదాపు ఉండేది కాదు గనుక, తీగ ఎవరి పెట్టెకైనా అతుక్కునేది. అడ్డు తీగ వద్ద లేదు. ఆ తీగ మీద ఏ అంకె పంపితే కెమెరా మేలుకుంటుంది, ఏది పంపితే మొదటి బొమ్మ ఇస్తుంది అన్నది కంపెనీ గుట్టు. ఆ గుట్టును రెండు వ్యవస్థలకు సరిపడే ప్రోగ్రాములో మూసిపెట్టి, మిగిలినవారిని తలుపు బయటే నిలబెట్టారు. వేగం సంగతి కూడా చెప్పాలి. సెకనుకు 9,600 బిట్ల వేగంతో వంద కిలోబైట్ల బొమ్మ దిగడానికి ఒకటిన్నర నిమిషానికి పైగా పడుతుంది. గరిష్ఠంగా 1,15,200 బిట్ల వేగం అందుకున్నా, ఎనిమిది మెగాబైట్ల కార్డు ఖాళీ కావడానికి పన్నెండు నిమిషాలు.

తలుపు బయట నిలబడ్డవారిలో కొందరు ఊరికే కూర్చోలేదు. విండోస్ ప్రోగ్రాము కెమెరాతో మాట్లాడుతుంటే, పక్కగదిలోని సంభాషణను గోడకు చెవి ఆనించి నేర్చుకున్నట్టు, తీగ మీద అటూ ఇటూ నడిచే ప్రతి బైటునూ పట్టి రాసుకున్నారు. ఒకే పని పదిసార్లు చేయించి, ఏ అంకె మారిందో, ఏది మారలేదో పోల్చి చూశారు. చివరన వచ్చే సరిచూపు అంకె ఎలా లెక్కకడుతున్నారో కనిపెట్టడమే తరచు అన్నిటికన్నా కఠినమైన మెట్టు. క్యూవీ-10 కోసం జపాన్ యూనిక్స్ అభిమానులు క్యూవీప్లే అనే ప్రోగ్రాము రాశారు. రష్యాకు చెందిన యూజీన్ క్రాసర్ ఫోటోపీసీ రాశాడు. ఒలింపస్, ఎప్సన్, సాన్యో, ఆగ్ఫా, నికాన్ అని పైన పేర్లు వేరైనా, ఈ కెమెరాలలో చాలావాటి లోపలి భాష ఒక్కటేనని తేలడం ఆ కాలపు గొప్ప ఊరట. ఒక్క చిన్న ప్రోగ్రాము అన్ని కంపెనీల సరుకునూ దించగలిగింది. 1998లో స్కాట్ ఫ్రిట్జింగర్ జీఫోటోను ప్రారంభించాడు. కెమెరాకొక ప్రోగ్రాము కాకుండా, అన్నిటికీ ఒకే ముఖం, వెనక కెమెరాకొక చిన్న డ్రైవరు అన్న ఏర్పాటు దానిది. తరువాత అదే లిబ్‌జీఫోటో2గా ఎదిగింది. సూసే సంస్థకు చెందిన మార్కుస్ మైస్నర్ వంటివారు దశాబ్దాల తరబడి దాన్ని పోషించారు. ఈనాడు అది 2,500కు పైగా కెమెరాలను గుర్తుపడుతుంది. ఒక పెద్ద కంపెనీ జీతాలిచ్చి చేయించినా ఇంత ఓపిక దొరికేదా అన్నది నా అనుమానం.

అదే కాలంలో తీగను వదిలేసిన మరో పాయ కూడా పారింది. 1997లో సోనీ డిజిటల్ మావికాలు మామూలు ఫ్లాపీ డిస్కు మీదే బొమ్మలు రాశాయి. ఫ్లాపీని చదవగలిగిన ప్రతి కంప్యూటరూ ఆ కెమెరాకు చుట్టమే అయింది. ఏ డ్రైవరూ అక్కరలేదు, ఏ కంపెనీ దయా అక్కరలేదు. దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ ఫ్లాష్‌పాత్. స్మార్ట్‌మీడియా కార్డును అందులో దూర్చి ఫ్లాపీ డ్రైవులో పెట్టవచ్చు. చూపుకు ఫ్లాపీయే, కానీ ప్రత్యేక డ్రైవరు లేనిదే అందులోంచి ఒక్క బొమ్మ రాదు. 1994లో శాన్‌డిస్క్ తెచ్చిన కాంపాక్ట్‌ఫ్లాష్ మాత్రం నిజంగా నిజాయితీ గల కార్డు. చవకైన అడాప్టరులో పెట్టి ల్యాప్‌టాప్ పక్కనున్న పీసీఎమ్‌సీఐఏ గూటిలోకి తోస్తే, అది తనను తాను హార్డుడిస్కుగా పరిచయం చేసుకునేది. 1998లో జపాన్ పరిశ్రమ సంఘం జైడా నిర్ణయించిన డీసీఎఫ్ నియమావళి ఆ కార్డు లోపలి అమరికను కూడా ఒక కట్టుబాటులోకి తెచ్చింది. డీసీఐఎమ్ అనే ఫోల్డరు, అందులో మూడంకెలతో మొదలయ్యే ఉపఫోల్డర్లు, ఎనిమిది అక్షరాలకు మించని ఫైలు పేర్లు. ఈనాడు మన జేబులోని ఫోనులో కనిపించే డీసీఐఎమ్ ఫోల్డరు ఆ నాటిదే.

ఈ కార్డు మహిమ అమిగా వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. క్విక్‌టేక్ వచ్చిన 1994లోనే, ఏప్రిల్ నెలాఖరున, అమిగాను తయారుచేసిన కమొడోర్ సంస్థ దివాలా తీసింది. ఆ సంస్థ 1992లో అమ్మిన అమిగా 1200 పక్కన ఒక పీసీఎమ్‌సీఐఏ గూడు ఉంది. కెమెరా కార్డుల సంగతి ఊహకైనా అందని రోజుల్లో పెట్టిన గూడు అది. తరువాత అభిమానులు రాసిన సీఎఫ్‌డీ డివైస్ అనే చిన్న డ్రైవరుతో, కన్న సంస్థ పోయిన చాలా ఏళ్లకు ఆ యంత్రాలు కొత్త కెమెరాల కార్డులను చదివాయి. ఓఎస్/2 వారి అవస్థ వేరు. ఐబీఎమ్ వంటి మహాసంస్థ అండ ఉన్నా, 1996 నాటి వార్ప్ 4 తరువాత ఇంటి వాడుకరుల మీద ఆ సంస్థకు శ్రద్ధ సన్నగిల్లింది. కార్డులు రెండు గిగాబైట్లు దాటి ఫ్యాట్32 పద్ధతి తప్పనిసరైనప్పుడు, స్వచ్ఛందంగా హెంక్ కెల్డర్ రాసిన డ్రైవరే వారికి ఆదరువైంది. 2006 చివరికల్లా ఐబీఎమ్ చేతులు దులుపుకున్నా, 2017లో ఆర్కాఓఎస్ పేరుతో అదే వంశం మళ్లీ బయటికి వచ్చింది. ఇక జాన్ లూయీ గస్సే నడిపిన బీ సంస్థ తన బీఓఎస్ వ్యవస్థ బొమ్మలు, ధ్వని, వీడియోల కోసమే పుట్టిందని చాటుకుంది. ఫైలుకు ఎవరికి కావలసిన వివరాలు వారు జోడించుకుని వాటితో వెతుక్కునే వీలు దాని ఫైలు వ్యవస్థలోనే ఉంది. ఫోటోలు పోగుచేసుకునేవారికి అంతకన్నా ఏం కావాలి! కానీ 2001లో పామ్ దాన్ని కొనుక్కుంది, ఆ వ్యవస్థ ఆగిపోయింది. అదే ఏడు మొదలైన వారసత్వ యత్నం హైకూ పేరుతో ఇప్పటికీ సాగుతోంది.

యూఎస్‌బీ రాకతో అందరి కష్టాలూ ఒక్కసారిగా తీరాయని అనుకుంటే పొరపాటు. తొలి యూఎస్‌బీ కెమెరాలలో చాలావాటికి పాత గుట్టు భాషలే కొత్త తీగ మీదికి ఎక్కాయి. లినక్స్ వైపు నుంచి చూస్తే, 2001 జనవరి 4న వెలువడిన 2.4 కెర్నెల్ ఒక మలుపు. యూఎస్‌బీ మద్దతు అందులో నిలదొక్కుకుంది. మాథ్యూ ధర్మ్ నిర్వహించిన నిల్వ డ్రైవరుతో, డిస్కులా ప్రవర్తించే కెమెరా ఏదైనా మరో డిస్కుగా కనిపించింది. వాడేవారు రూట్ అధికారంతో ఒక ఆదేశం టైపు చేసి దాన్ని అతికించుకోవాలి, తీసేముందు మరో ఆదేశంతో విడదీయాలి. విడదీయడం మరచి తీగ లాగినవారు బొమ్మలు పోగొట్టుకున్న సందర్భాలూ లేకపోలేదు. డిస్కులా ప్రవర్తించడానికి ఇష్టపడని కెమెరాల కోసం 2000లో పీటీపీ అనే ఉమ్మడి భాష ప్రమాణంగా వచ్చింది. తరువాత అది ఐఎస్ఓ 15740గా స్థిరపడింది. కానన్ వంటి కంపెనీలు కాస్త ఆలస్యంగానైనా ఆ దారికి వచ్చాయి. గోడకు చెవి పెట్టి నేర్చుకున్న వందల భాషల పక్కన, కాగితం మీద అచ్చైన భాష ఒకటి చేరింది. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తానికి ఇదే నడిమి స్తంభం.

ఆ పునాది మీద మేడలు లేచాయి. 2001 ప్రాంతంలో రెంచి రాజు డిజికామ్‌ను లిబ్‌జీఫోటో2కు ఒక సాదా ముఖంగా మొదలుపెట్టాడు. అది తరువాత జిల్ కాలియే తదితరుల చేతిలో పూర్తిస్థాయి చిత్రశాలగా ఎదిగింది. అటువంటిదే మరో చిత్రశాల ఎఫ్-స్పాట్‌ను ఆరంభించిన ఎట్టోరె పెరజ్జోలి 2003 డిసెంబరులో చిన్న వయసులోనే కన్నుమూస్తే, లినక్స్ పెంగ్విన్ బొమ్మ గీసిన లారీ యూయింగ్ ఆ పనిని ముందుకు నడిపాడు. కెమెరా కలపగానే కిటికీ దానంతటదే తెరుచుకునే రోజులు వచ్చాయి. తెలుగునాట ఈ మార్పు ఎక్కువమందికి కనబడకుండానే జరిగింది. మనలో చాలామంది ఊరి స్టూడియోలో కార్డు ఇచ్చి సీడీ రాయించుకున్నవారే, లేదా నెట్ సెంటర్‌లో కార్డ్ రీడర్ వాడినవారే. పత్రికలతో వచ్చిన లినక్స్ సీడీలతో ప్రయోగాలు చేసిన ఇంజనీరింగ్ విద్యార్థులకు మాత్రం ఈ పాట్లు స్వానుభవం. తరువాత హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ తెలుగులో పనిచేసే లినక్స్‌ను తెచ్చింది. స్వచ్ఛంద అనువాదకుల పుణ్యమా అని గ్నోమ్, కేడీఈ డెస్క్‌టాప్‌ల మెనూలు తెలుగులో మాట్లాడాయి. అక్కడ ఫోటోను దించే యంత్రాంగం పాత జీఫోటో సంతానమే.

బొమ్మ కంప్యూటర్‌లోకి చేరినంతమాత్రాన అది తెరుచుకోవాలని లేదు. మంచి కెమెరాలు సెన్సరు పట్టినదాన్ని పట్టినట్టే రాసే ‘రా’ ఫైళ్లకు ఒక్కో కంపెనీదీ ఒక్కో రహస్య రూపం. 1997లో డేవ్ కాఫిన్ డీసీరా అనే ప్రోగ్రాము మొదలుపెట్టాడు. అంతా ఒకే ఒక్క సీ భాషా ఫైలు. సీ కంపైలరు ఉన్న ఏ వ్యవస్థ మీదనైనా అది నడిచేటట్టు రాశాడు. ఎంత మారుమూల వ్యవస్థ అయినా వెలి కాకూడదన్న పట్టుదల ఆ పనిలో కనిపిస్తుంది. 2005లో నికాన్ తన డీ2ఎక్స్ కెమెరా ఫైళ్లలో తెలుపు సమతూకం వివరాలను గుప్తలిపిలో పెట్టినప్పుడు, దాన్నీ ఆయన విప్పాడు. తమ కెమెరాతో తాము తీసిన ఫోటోలోని రంగుల లెక్క వాడుకరికి తెలియకూడదని ఎవరైనా ఎలా అనుకున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కార్డుల మీది ఫైలు వ్యవస్థ మరో చిక్కు. డీసీఎఫ్ చలవతో అందరూ మైక్రోసాఫ్ట్ ఫ్యాట్ పద్ధతి మీదే స్థిరపడ్డారు. అందులో పొడవు పేర్లకు సంబంధించిన పేటెంట్ల మీద 2009లో టామ్‌టామ్ సంస్థపై మైక్రోసాఫ్ట్ దావా వేసేసరికి, లినక్స్ వర్గాల్లో కలవరం రేగింది. ఆండ్రూ ట్రిడ్జెల్ పేటెంటును తప్పించుకునే ఒక మార్పును కెర్నెల్‌కు ప్రతిపాదించాడు. అదే ఏడాది ఎస్‌డీఎక్స్‌సీ కార్డుల ప్రమాణం ప్రకటిస్తూ ఎక్స్‌ఫ్యాట్‌ను తప్పనిసరి చేశారు. ఆ పద్ధతి వివరాలు మూసి ఉంచినవి. కెమెరా కొన్నవాడు కొత్త కార్డును తన యంత్రంలో పెడితే అది ఖాళీగా, లేదా పాడైపోయినట్టుగా కనిపించేది. దశాబ్దం పాటు స్వచ్ఛంద డ్రైవర్లతో నెట్టుకొచ్చారు. 2019 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ఆ వివరాలను బహిరంగం చేసింది. ఆ నవంబరులో వచ్చిన 5.4 కెర్నెల్‌లో ఎక్స్‌ఫ్యాట్ తొలి అడుగు వేసింది, 2020లో 5.7తో శామ్‌సంగ్ రాసిన మెరుగైన డ్రైవరు దాని చోటుకు వచ్చింది. లినక్స్‌ను ఒకప్పుడు బద్ధశత్రువుగా చూసిన సంస్థే ఈ తలుపు తీయడం మన తరం చూసిన వింతల్లో ఒకటి.

ఇప్పుడు కార్డూ తీగా రెండూ వెనక్కి జరిగి, గాలిలో తరలింపు ముందుకు వచ్చింది. కెమెరా కంపెనీ ఒక ఫోను యాప్ ఇస్తుంది. అది ఆండ్రాయిడ్, ఐఫోన్లకే. రెండు వ్యవస్థలకు సీడీ ఇచ్చిన ఆ నాటి ఏర్పాటు పేర్లు మార్చుకుని తిరిగి వచ్చిందన్నమాట. అయితే ఈసారి లోపలి భాష పూర్తిగా కొత్తది కాదు. పలు కెమెరాలు గాలిలో వాడేది పాత పీటీపీకే నెట్‌వర్క్ రూపం, పీటీపీ/ఐపీ. లిబ్‌జీఫోటో2 దాన్నీ నేర్చుకుంది. కంపెనీలు తమకు తోచినట్టు అదనంగా చేర్చుకునే ఆదేశాలను మాత్రం ఇప్పటికీ ఎవరో ఒకరు కెమెరా ముందు కూర్చుని, సంభాషణను పట్టి, ఒక్కొక్కటిగా విప్పుతూనే ఉన్నారు.