ఏ కోతకు ఏ రంపం? – రంగూన్ టేకు చెప్పే కథ

(ప్రవాస తెలుగువారి కోసం నడిచే ఒక రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)



గాలివాన వెలిసిన మర్నాడు మనవాళ్ళ ఇళ్ళల్లో తరచూ వినిపించే ప్రశ్న ఒకటుంది. పెరట్లో చెట్టు పడింది, బ్యాటరీతో నడిచే చైన్‌సా కొందామనుకుంటున్నాం, ఏది మంచిది? పద్దెనిమిది వోల్టులదా, నలభైదా, ఎనభైదా? ఈ ప్రశ్నకు చివర్లో జవాబు చెప్తాను. ముందు మిమ్మల్ని ఒకసారి రంగూన్ తీసుకువెళ్ళాలి. ఇప్పుడు దాన్ని యాంగోన్ అంటున్నారు. మన తాతల కాలంలో కోస్తా పల్లెల్లో రంగం అనేవారు.

కాకినాడలోనో విశాఖపట్నంలోనో పాత మేడ ఏదైనా గుర్తుచేసుకోండి. "ఇది బర్మా టేకు, చెదపట్టదు" అని ఇంటాయన గర్వంగా తలుపు మీద చెయ్యి వేసి చూపించి ఉంటాడు. ఆ చెక్కను ఎవరు కోశారు, దేనితో కోశారు అని మనం అడిగి ఉండం. ఆ తలుపు వెనక ఒక కోత కాదు, మూడు కోతలున్నాయి. మూడింటికీ పనిముట్లు వేరు, పట్టుకున్న చేతులు కూడా వేరు.

మొదటిది చెట్టును చంపే కోత. పచ్చి టేకు నీళ్ళలో తేలదు. అడవి నుంచి రేవుకు దుంగను చేర్చే దారి నదే కాబట్టి, తేలని చెక్క ఎందుకూ కొరగాదు. అందుకని నిలబడి ఉన్న చెట్టుకే మొదట్లో చుట్టూ వలయంలా గొడ్డలితో నరికేవారు. బెరడు, దాని కింద ఉండే తెల్లచెక్క పూర్తిగా తెగి చేవ బయటపడాలి. వేళ్ళ నుంచి నీరు పైకి ఎక్కడం ఆగిపోతుంది. చెట్టు నిలబడినచోటే రెండు మూడేళ్ళు ఎండుతుంది. ఈ పనికి గొడ్డలే సరైనది. తెలిసినవాడి చేతిలో అది ఎంత లోతు వెళ్ళాలో అంతే వెళ్తుంది.

ఆ వలయం ఏ చెట్టుకు వెయ్యాలి అన్నది నరికేవాడి ఇష్టం కాదు. 1856లో పెగూ అడవులకు పెద్దగా వచ్చిన జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు డీట్రిక్ బ్రాండిస్ అందుకొక లెక్క తయారుచేశాడు. ఏ అడవిలో ఏ కొలత చెట్లు ఎన్ని ఉన్నాయో ముందు లెక్కపెట్టడం, నిర్ణయించిన చుట్టుకొలత దాటినవాటికే గుర్తు వెయ్యడం, చిన్నవాటిని పెరగనివ్వడం. బ్రాండిస్ తరువాత 1864లో భారతదేశానికే మొదటి అటవీ ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాడు. అప్పట్లో ఇదంతా బ్రిటిష్ ఓడలకు, రైళ్ళకు చెక్క కరువు రాకూడదని చేసిన ఏర్పాటే. అయినా గొడ్డలికీ చెట్టు కూలడానికీ మధ్య రెండు మూడేళ్ళ ఎడం తప్పనిసరిగా ఉండేది. ఆ ఎడాన్ని గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ దాని దగ్గరికి వస్తాం.

రెండోది పడగొట్టే కోత. ఎండిన చెట్టును గొడ్డళ్ళతోనూ, ఇద్దరు చెరో కొసా పట్టుకుని లాగే పెద్ద రంపాలతోనూ పడగొట్టేవారు. ఏనుగులు దుంగలను వాగుల దాకా ఈడ్చేవి. వానాకాలంలో వాగు పొంగితే దుంగలు కదిలేవి, లేకపోతే మరుసటి ఏడాది దాకా అక్కడే. పెద్ద నది చేరాక వాటిని తెప్పలుగా కట్టి రంగూన్‌కు దించేవారు. ప్రతి దుంగ మీదా సుత్తితో కొట్టిన కంపెనీ ముద్ర ఉండేది. ఈ దుంగల లెక్కల మీద యుద్ధమే వచ్చింది. 1863లో మొదలైన బాంబే బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్ చెల్లించాల్సిన పైకం ఎగవేసిందని 1885లో థీబా రాజు ప్రభుత్వం సుమారు 23 లక్షల రూపాయల జరిమానా వేసింది. బ్రిటిష్‌వాళ్ళు దాన్ని సాకుగా తీసుకున్నారు. ఆ నవంబరులోనే సైన్యం మాండలే చేరింది, రాజు రత్నగిరికి ప్రవాసం వెళ్ళాడు.

మూడోది దుంగను పలకలుగా, దూలాలుగా చీల్చే కోత. మనవాళ్ళు వచ్చేది ఇక్కడే. ఆలోన్ వైపు నది ఒడ్డునా, పజున్‌డౌంగ్ వాగు పక్కనా ఆవిరితో నడిచే సామిల్లులు, బియ్యం మిల్లులు బారులు తీరి ఉండేవి. వాటిల్లోనూ, రేవులోనూ, రిక్షాల ముందూ ఒళ్ళు వంచి పనిచేసినవాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి కాకినాడ, భీమునిపట్నం, గోపాల్‌పూర్ రేవుల్లో స్టీమరెక్కి, డెక్కు మీద పడుకుని వెళ్ళేవారు. మేస్త్రీ ముందుగా అప్పు ఇచ్చి తీసుకువెళ్ళేవాడు. ఆ అప్పు తీరేదాకా చెయ్యి అతనిదే. అక్కడ వాళ్ళను కోరింగీలు అన్నారు. గోదావరి నోట్లో ఉన్న మన కోరంగి రేవు పేరు అది. 1839 తుఫానుకు ఆ రేవు నాశనమైంది కానీ, పేరు మాత్రం సముద్రం దాటి తిట్టుగా మారింది.

ఇక్కడ రంపాల సంగతి ఒకటి చెప్పాలి. చెట్టును అడ్డంగా కొయ్యడం వేరు, నిలువుగా చీల్చడం వేరు. అడ్డకోతలో నారలను తెంచాలి, కాబట్టి పళ్ళు చాకుల్లా పక్కలకు పదునుగా ఉండాలి. నిలువుకోతలో నారల వెంటే చెక్కను పెళ్ళగించుకుంటూ పోవాలి, కాబట్టి పళ్ళు ఉలుల్లా ఉండాలి. ఒకదాని పని ఇంకొకదానితో చేస్తే చెక్క పాడవుతుంది, మనిషి అలసిపోతాడు. మన ఊళ్ళల్లో దుంగను ఎత్తుగా పెట్టి పైన ఒకడు, కింద ఒకడు నిలబడి రంపం లాగేవారు చూడండి, ఆ నిలువుకోతనే రంగూన్‌లో ఆవిరి యంత్రం చేసేది. కానీ యంత్రానికి దుంగ అందించేది, పలక అందుకునేది మనిషే. దానికితోడు టేకులో ఇసుక గుణమున్న సిలికా ఉంటుంది. పదును త్వరగా పోతుంది. పళ్ళకు మాటిమాటికీ సాన పట్టకుండా సామిల్లు నడవదు.

1931 జనాభా లెక్కల్లో రంగూన్‌లో నాలుగు లక్షల మంది ఉంటే సగానికి పైగా భారతీయులు. వాళ్ళలో తెలుగు కూలీలు బాగా చవకగా దొరికేవాళ్ళు. 1930 మే నెలలో రేవులో మన కూలీలు జీతం పెంచమని సమ్మె చేస్తే, వాళ్ళ స్థానంలో బర్మావాళ్ళను పెట్టుకున్నారు. సమ్మె తీరి మనవాళ్ళు పనికి వచ్చాక బర్మావాళ్ళను పొమ్మన్నారు. దాంతో రెండు వర్గాలూ కొట్టుకున్నాయి. చనిపోయినవాళ్ళు వందకు పైనే, ఎక్కువమంది తెలుగువాళ్ళు. ఒకరిని తీసి ఇంకొకరిని పెట్టినవాళ్ళకు దెబ్బ తగల్లేదు. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక లక్షల మంది కొండల మీదుగా నడిచి ఇండియా చేరారు. చేరనివాళ్ళ లెక్క ఎవరి దగ్గరా సరిగ్గా లేదు.

ఇంతకీ చైన్‌సా ఎప్పుడు వచ్చింది? 1926లో జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ తయారుచేసిన మొదటి చైన్‌సా పెట్రోలుది కాదు, కరెంటుది. ఇద్దరు మోసేది, వైరు ఉన్నంత మేరే పనిచేసేది. మరుసటి ఏడాది ఎమిల్ లెర్ప్ పెట్రోలుతో నడిచేది డోల్మార్ అనే కొండ మీద ప్రయత్నించి చూశాడు, కంపెనీకి ఆ కొండ పేరే పెట్టాడు. అసలు మార్పు గొలుసులో వచ్చింది. అమెరికాలోని ఓరెగాన్‌లో జో కాక్స్ అనే ఆయన చెక్కను తొలిచే పురుగు దవడలు ఎలా కుడీ ఎడమా కదులుతున్నాయో గమనించి, 1947లో అదే తీరుగా పళ్ళున్న గొలుసు అమ్మడం మొదలుపెట్టాడు. నేటి గొలుసులు చాలావరకు దాని సంతానమే. 1950 నాటికి ఒక్కరు పట్టుకోగలిగిన రంపం వచ్చింది. ఇన్నాళ్ళూ రెండో కొస పట్టుకున్న మనిషి అవసరం తీరిపోయింది.

వైరూ వద్దు, పెట్రోలూ వద్దు అనే రంపం ఎందుకు కావాలో రంగూన్‌కు ఒక్క రాత్రిలో తెలిసింది. 2008 మే 2, 3 తేదీల్లో నర్గీస్ తుఫాను వచ్చింది. ఐరావతి డెల్టాలో చనిపోయినవాళ్ళూ కనపడకుండా పోయినవాళ్ళూ కలిపి 1,38,000 మంది దాకా. రంగూన్ వీధుల్లో వందేళ్ళ నిద్రగన్నేర్లు, మర్రిమాన్లు వేళ్ళతో సహా పడ్డాయి. కరెంటు లేదు. పెట్రోలు ధర ఆకాశాన్నంటింది. ఊరివాళ్ళూ, బౌద్ధ భిక్షువులూ గొడ్డళ్ళతో, కత్తులతో, చేతిరంపాలతో దారులు తెరిచారు. ఒక్కసారిగా నూట యాభై ఏళ్ళు వెనక్కి వెళ్ళినట్టయింది. అప్పటికి గట్టి పని చెయ్యగల లిథియం బ్యాటరీ రంపాలు ఇంకా బజారులో స్థిరపడలేదు.

ఇప్పుడు దొరుకుతున్నాయి. అందుకే మొదటి ప్రశ్నకు జవాబు.

డబ్బా మీది వోల్టులు చూసి కంగారు పడకండి. 20 వోల్టులు అని రాసి ఉన్నదీ, 18 అని రాసి ఉన్నదీ ఒకటే. ఐదు సెల్స్, నిండుగా ఉన్నప్పుడు నాలుగేసి వోల్టులు, పనిలో 3.6. చూడాల్సింది వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే వచ్చే వాట్-అవర్లు. 40 అని రాసిన బ్యాటరీ నిజానికి 36, అది 5 ఆంపియర్-అవర్లదైతే 180 వాట్-అవర్లు. లీటరు పెట్రోలులో తొమ్మిది వేల దాకా ఉంటాయి. అందులో ఎక్కువ భాగం వేడిగా పోయినా, రోజంతా కోసే పనికి పెట్రోలే. గంటలోపు పనికి బ్యాటరీ.

కోతల వారీగా చెప్తాను. బొటనవేలు నుంచి మణికట్టు లావు దాకా కొమ్మలు, గులాబీ పొదలు, మామిడి కత్తిరింపు అయితే నాలుగు నుంచి ఆరు అంగుళాల చిన్న రంపం చాలు. తలపైన కొమ్మలకు పొడుగు కర్ర ఉన్న పోల్ సా, కొమ్మ కింద మాత్రం నిలబడకండి. నిచ్చెన ఎక్కి మామూలు చైన్‌సా వాడటం ఆత్మహత్యతో సమానం. ఎనిమిది పది అంగుళాల లావు పడిపోయిన చెట్లకు 36 లేదా 40 వోల్టుల మెషీను, పన్నెండు పద్నాలుగు అంగుళాల బార్. బార్ అంటే గొలుసు తిరిగే పట్టీ. అది చెక్క లావుకంటే రెండంగుళాలు ఎక్కువుంటే చాలు, అంతకుమించి పొడుగు బరువే తప్ప లాభం లేదు. పద్నాలుగు అంగుళాలు దాటిన మాను అయితే 56 నుంచి 80 వోల్టులవి, పదహారు పద్దెనిమిది అంగుళాల బార్, పక్కన రెండో బ్యాటరీ. చెట్టు ఇంటి మీదో కరెంటు తీగల మీదో ఒరిగి ఉంటే ఏ రంపమూ వద్దు, ఆ పని తెలిసినవాళ్ళను పిలవండి. పలకలు చీల్చాలనుకుంటే మామూలు గొలుసు పనికిరాదు, దానికి విడిగా నిలువుకోత గొలుసు ఉంటుంది. రంగూన్ సామిల్లు నియమమే ఇక్కడా.

తుఫాను చెట్టు దగ్గర ఒక జాగ్రత్త. పడ్డ చెట్టు ఊరికే పడుకుని ఉండదు, వంగి బిగిసి ఉంటుంది. రెండు కొసలా ఆనుకున్న మానును పైనుంచి మూడోవంతు కోసి, తరువాత కింది నుంచి కోయాలి. ఒక కొసే ఆనుకుంటే ముందు కింది నుంచి. బార్ కొస పైభాగం దేనికీ తగలనివ్వకండి, రంపం మొహం మీదికి ఎగురుతుంది. బ్యాటరీ రంపం చప్పుడు చెయ్యకుండా ఊరుకుంటుంది, మీట నొక్కగానే పూర్తి వేగం అందుకుంటుంది. అందుకని గొలుసు ముట్టుకునే ముందు బ్యాటరీ తీసెయ్యండి. బార్‌కు నూనె ఉందో లేదో చూడండి. చెక్క నుంచి తురుము రాకుండా పొడి రాలుతుంటే పదును పోయిందన్నమాట. ఆకురాయి పట్టండి. ఇంకో పెద్ద మెషీను కొనకండి.

చివరిగా ఆ రెండు మూడేళ్ళ ఎడం గురించి. స్వతంత్ర బర్మా 1948లో టేకును ప్రభుత్వం చేతుల్లోకి తీసుకుంది. బ్రాండిస్ లెక్క కాగితం మీద చాలాకాలం నిలిచింది. కానీ చైన్‌సా ఉన్నవాడికి ఆ లెక్క అడ్డు రాలేదు. ఒక్క మనిషి, కొన్ని నిమిషాలు, చెట్టు నేల మీద. లారీ ఉంటే దుంగ తేలాల్సిన పనీ లేదు. చివరికి 2014 ఏప్రిల్ 1 నుంచి మయన్మార్ ముడి దుంగల ఎగుమతి ఆపింది. 2016లో దేశమంతటా ఏడాదిపాటు, పెగూ కొండల్లో పదేళ్ళపాటు నరకడమే ఆపుతున్నామని ప్రకటించింది. దొంగ నరుకుడు దాంతో ఆగలేదు.

పాతరోజులే మంచివని నేను అనడం లేదు. ఆ రోజుల్లో రంపం కొస పట్టుకున్నవాడికి మేస్త్రీ అప్పు, కోరింగీ అనే తిట్టు, చివరికి కొండదారి మిగిలాయి. మన పెరట్లో ఇవాళ రంపానికి ఒకటే కొస ఉంది, అది మన చేతిలోనే ఉంది. ఏ చెట్టు, ఏ కొమ్మ, ఎంత మేర, అసలు కొయ్యాలా వద్దా అని అటుపక్క నిలబడి అడిగేవాడు లేడు. మీట నొక్కేముందు ఆ ప్రశ్న మనమే వేసుకోవాలి. ఈసారి ఊరు వెళ్ళినప్పుడు బర్మా టేకు తలుపు కనిపిస్తే, ఇంటాయన మాట విన్నాక, ఆ పలక అందుకున్న మనిషిని కూడా ఒక్క క్షణం తలుచుకోండి.