మొగలి కంచె



పెరట్లో తెల్లపూల మొక్క ఏది వేద్దామని అడిగితే మల్లె అంటాం, నందివర్ధనం అంటాం. మొగలి అనేవారు అరుదు. ఆకు అంచుల రెండు వైపులా ముళ్లు, నడిమి ఈనె అడుగున మళ్లీ ముళ్లు. పాములు చేరతాయన్న భయం ఒకటి. వాసనకి వస్తాయంటారు గాని, ఆ పొదల్లో దాగే ఎలుకల కోసం, కప్పల కోసం వస్తాయనుకోవడం సబబు. శివపూజకీ పనికిరాదు. బ్రహ్మ పక్షాన అబద్ధపు సాక్ష్యం చెప్పిందని శాపం కదా! ఇన్ని నిందలు మోసిన ఈ మొక్కే గంజాం తీరంలో ఎన్నో కుటుంబాలకి కూడు పెట్టింది.

ఛత్రపురం, రంగైలుండ, చికిటి వైపు వెళ్లిన వాళ్లు చూసే ఉంటారు. పొలం గట్ల మీద, కాలవల ఒడ్డున, ఇళ్ల చుట్టూ అదే కంచె. ఒడియాలో కియా అంటారు, వ్యాపారులు కేవ్డా అంటారు. పరిమళం మగ చెట్టుదే. పొడుగాటి తెల్లని రేకుల మధ్య దాగిన కంకి అది. ఆడ చెట్టు అనాసపండు లాంటి కాయ కాస్తుంది, దానికి ఈ సువాసన లేదు. మన ఇళ్లలో జడలో పెట్టుకున్నదీ, పట్టుచీరల పెట్టెలో దాచుకున్నదీ మగపువ్వు రేకే.

ఈ పువ్వుకి ఓపిక తక్కువ. తెల్లవారుజామున కోసింది కోసినట్టు బట్టీకి చేరాలి, ఆలస్యమైతే పరిమళం ఎగిరిపోతుంది. అందుచేతనే పువ్వు ఉత్తరాదికి పోలేదు, ఉత్తరప్రదేశ్ కనౌజ్ అత్తరు వర్తకులే ఇక్కడికి వచ్చారు. ఊళ్ల దగ్గరే బట్టీలు వెలిశాయి. పద్ధతి పాతదే. రాగి డేగిసాలో పూలూ నీళ్లూ పోసి, మూతి మట్టితో మెత్తి, కింద మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా నీళ్ల తొట్టిలో ఉంచిన మరో రాగి పాత్రలోకి దిగుతుంది. అందులో గంధపు నూనె ఉంటే అత్తరు, వట్టిగా పట్టుకుంటే కేవ్డా జలం. గంధం ఖరీదు పెరిగాక చాలాచోట్ల ఖనిజ తైలం వాడుకలోకి వచ్చింది. అది అత్తరా అంటే, నా మటుకు నేను కాదంటాను.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. అంతవరకూ మద్రాసు రాజధానిలో ఒకే జిల్లాగా ఉన్న బరంపురం, ఇచ్ఛాపురం విడిపోయాయి. బరంపురం అటు, ఇచ్ఛాపురం, సోంపేట ఇటు. మొగలి మాత్రం రెండు వైపులా ఒకటే ఇసక నేలలో పెరుగుతూ వచ్చింది. తరవాత్తరవాత గంజాం కేవ్డా పువ్వుకీ, దాని నుంచి తీసే రూహ్‌కీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషించాం. ఆ పేరు జిల్లా పేరు గనుక, సరిహద్దు ఇవతల పూసిన పువ్వుకి అది వర్తించదు. పువ్వుకి ఈ సంగతి తెలియదు.

2013 ఈ కంచెలకి గడ్డు సంవత్సరం. జనవరి 1న ఒడిశాలో గుట్కా నిషేధం అమల్లోకి వచ్చింది. ఆరోగ్యానికి మంచిదే, కాదనను. కాని కేవ్డా కొనేవారిలో పాన్ మసాలా, జర్దా, గుట్కా తయారుచేసేవారు ముఖ్యులు. అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. విరిగిన చెట్టు మళ్లీ చిగురిస్తుంది. ఇళ్ల స్థలాలుగా మారిన పొలంలో కంచె నరికి సిమెంటు గోడ కట్టాక మాత్రం చిగురించేందుకు ఏమీ మిగలదు. నాకు తుఫాను కన్నా ఆ గోడల మీదే బెంగ.

వేయదలచిన వారికి ఒక మాట. పూసేవరకూ ఆడో మగో తెలియదు కాబట్టి, పూసిన మగ చెట్టు పిలకే అడిగి తెచ్చుకోండి. తొలకరిలో నాటండి. పిల్లలు తిరిగే దారికి దూరంగా, పెరటి చివర, నీరు నిలవని చోట. మొదటి పువ్వుకి మూడు నాలుగేళ్లు పడుతుంది.